మా కౌంటీ ప్రాసిక్యూటర్ పదవికి నిలబడ్డాను: నా అనుభవం

ముందే చెప్పేస్తాను, ఓడిపోయాను. 2023 జూన్ 20న, మా పార్టీ ప్రైమరీలోనే, అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఓటింగులోనే. గెలిచినవాళ్ల కథ కోసం వచ్చినవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. నిలబడాలా వద్దా అని తల పట్టుకుని కూర్చున్న రోజుల్లో, మనవాళ్లెవరైనా ఇలాంటి పోటీకి దిగి ఏం జరిగిందో తెలుగులో రాసి ఉంటారేమోనని చాలా వెతికాను. దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

నేనుండేది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో. ఇక్కడ ప్రాసిక్యూటర్‌ని కామన్వెల్త్స్ అటార్నీ అంటారు. నాలుగేళ్లకోసారి కౌంటీ (మన జిల్లా లాంటిది) జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. నేను ఆ ఆఫీసులో పదకొండేళ్లు అసిస్టెంటుగా పనిచేశాను. అంటే పోటీ మా బాస్ మీదే.

2022 సెప్టెంబరులో ఒక మంగళవారం కుటుంబ కేసులు చూసే కోర్టు వరండాలో ఒకావిడ నన్ను ఆపింది. బ్యాడ్జి మీద నా పేరు చూసి, "మీరు తెలుగువాళ్లేనా? నా తరఫున మాట్లాడేది మీరేనాండీ?" అంది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు, పిల్లాడి పాలసీసా. కాదని చెప్పాల్సి వచ్చింది. వర్జీనియా చట్టం ప్రకారం ఫెలనీలు, అంటే పెద్ద నేరాల కేసులన్నీ ప్రాసిక్యూటర్ నడపాల్సిందే, మిస్‌డిమీనర్లు, అంటే చిన్న నేరాలు మాత్రం ఆయన ఇష్టం. భార్యను మొదటిసారి కొట్టడం మిస్‌డిమీనర్ కిందికే వస్తుంది. మనుషులు చాలడం లేదని మా ఆఫీసు అంతకు కొన్ని నెలల ముందే వాటిని వదిలేసింది. అందుకని ఆవిడ తరఫున లాయరు లేడు. ఆవిడ, అరెస్టు చేసిన పోలీసాయన, ఎదురుగా జడ్జి, అంతే. భర్తకు మాత్రం ఫీజు పెట్టి తెచ్చుకున్న లాయరున్నాడు. దుబాసీ ఫోన్లో. ఆవిడ రెండు వాక్యాలు చెబితే ఫోన్లోంచి ఒక్కటి వచ్చేది. నేను వెనక బెంచీలో కూర్చుని చూశాను. నలభై నిమిషాల్లో కేసు కొట్టేశారు.

మా బాస్ చెడ్డవాడేం కాదు, అది కూడా చెప్పాలి. అప్పట్లో రాష్ట్రం మా ఆఫీసులకు పోస్టులు ఇచ్చేటప్పుడు లెక్కపెట్టేది ఫెలనీలనే. మిస్‌డిమీనర్లు ఎన్ని నడిపినా అదనంగా ఒక్క మనిషిని ఇచ్చేవారు కాదు. ఆయన చోట ఇంకొకరున్నా అదే చేసేవారేమో. నేనైతే చెయ్యను అనిపించింది. మొదట్లో నా దగ్గరున్నది ఆ అనిపించడం ఒక్కటే.

ఇంట్లో చెప్పాను. మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, వెంటనే ఎక్సెల్ షీటు తెరిచాడు. జనవరి నుంచి జూన్ దాకా నా జీతం ఉండదు. గెలిచినా జనవరి దాకా రాదు, అంటే ఏడాది. ఇంటి లోను, పిల్లల డేకేర్, రెండు కార్లు. అన్నీ ఎర్రగా చూపించి, "కోపం తగ్గాక కూడా నిలబడాలనే ఉంటే అప్పుడు చూద్దాం" అన్నాడు. దీపావళి వెళ్లింది. కోపం తగ్గింది. నిలబడాలనే ఉంది.

తెనాలిలో మా బాబాయి క్రిమినల్ లాయరు, ముప్ఫై ఏళ్ల ప్రాక్టీసు. నవంబరులో ఫోన్ చేశాను. "ఏంటమ్మాయ్, పీపీ పోస్టుకి ఎలక్షనా?" అని ఒకటే నవ్వు. ఆయనకు తెలిసిన లోకంలో మెజిస్ట్రేటు కోర్టు ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పరీక్ష రాసి వస్తాడు, సెషన్స్ కోర్టు పీపీని ప్రభుత్వం వేస్తుంది. ప్రభుత్వం మారితే పీపీలూ మారతారు, అది వేరే సంగతి. నవ్వడం అయ్యాక అడిగాడు: "సరే, ఓట్లడిగి గెలిచావే అనుకో. రేపు ఓటేసినవాడు బోనులో నిలబడితే ఏం చేస్తావే?" "చట్టప్రకారం చేస్తాను బాబాయ్" అన్నాను, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు. "ఓటేసినవాడి సంగతి వదిలెయ్. డబ్బులిచ్చినవాడు నిలబడితేనో?" అన్నాడు. దానికీ ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

వేరే కౌంటీలో ఇదే పదవి చేసి రిటైరైన ఒకావిడతో కాఫీ తాగాను. ఆవిడ అడిగినవి రెండే. మూడొందల మందికి ఫోన్ చేసి డబ్బులు అడగగలవా? ఓడిపోయాక అదే కోర్టుకి మొహం ఎత్తుకుని రాగలవా? రెండోదే కష్టమనుకుని, అదీ చెయ్యగలనని చెప్పాను. ఆవిడ నవ్వి, మొదటిది ఇంకోసారి అడిగింది.

డిసెంబరు 12, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి బాస్ గదిలోకి వెళ్లి చెప్పాను. అసిస్టెంట్ల ఉద్యోగం ఎన్నికైన అధికారి ఇష్టం మీద నడుస్తుంది, ఏ క్షణంలో పొమ్మన్నా పోవాల్సిందే. ఇది తెలిసే వెళ్లాను. అయినా ఎక్కడో ఒక మూల, నెలాఖరు దాకా ఉండమంటారేమోనన్న ఆశ. ఆయన మర్యాదగానే విన్నారు. షేక్‌హ్యాండ్ ఇచ్చి, మధ్యాహ్నంలోగా ఫైళ్లు అప్పగించమన్నారు. పదకొండేళ్లు రెండు అట్టపెట్టెల్లో సరిపోయాయి. బ్యాడ్జి ఇచ్చేశాక గేటు తెరుచుకోదు కదా, ఆ పెట్టెలతో బయటికి రావడానికి కూడా సెక్యూరిటీ అబ్బాయి సాయం కావాల్సి వచ్చింది.

ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. హెల్త్ ఇన్సూరెన్సు ఆ నెలాఖరుతో పోయింది. మా ఆయన కంపెనీ ప్లాన్‌లోకి మారడానికి ముప్ఫై రోజులే గడువు. క్రిస్మస్ సెలవుల్లో వాళ్ల హెచ్‌ఆర్‌లో ఎవరూ దొరకక పడ్డ టెన్షన్ తర్వాత ఓట్ల లెక్కింపు రోజున కూడా పడలేదు. ఇంకోటి, రోజూ నాతో కలిసి భోంచేసిన కొలీగ్స్ ఎవరూ మళ్లీ ఫోన్ చెయ్యలేదు. వాళ్ల ఉద్యోగాలు వాళ్లకి ఉన్నాయి, తప్పు పట్టను. కానీ బాధేసింది.

తర్వాత సంతకాలు. ప్రైమరీలో పేరు రావాలంటే కౌంటీలోని 125 మంది ఓటర్లు పిటిషన్ మీద సంతకం పెట్టాలి. జనవరి ఒకటికి ముందు పెట్టించినవి చెల్లవు. 125 ఎంత, ఒక్కరోజు పని అనుకున్నాను. జనవరి ఒకటి ఆదివారం. మనవాళ్లకి ఆరోజు గుడికి వెళ్లకపోతే సంవత్సరం మొదలైనట్టే ఉండదు, పైగా ముక్కోటి కూడా పక్కనే వచ్చింది. గుడిలోపల రాజకీయం కుదరదని కమిటీవాళ్లు ముందే చెప్పారు, వాళ్ల నిబంధనలు వాళ్లవి. పార్కింగ్‌లో ఒక బల్ల వేసుకుని నేను, మా ఆయన, మా పక్కింటావిడ నిలబడ్డాం.

మొదటి గంటలో నలభై మంది ఆగి ఉంటారు. సంతకం పెట్టగలిగింది తొమ్మిది మంది. మిగతావాళ్లు హెచ్-1బీలు, గ్రీన్‌కార్డులు. ఇది నాకు తెలియని విషయమా? తెలుసు. మా ఇంట్లోనే పదేళ్లు నడిచిన కథ. కానీ కొత్త సంవత్సరం రోజున పట్టుచీర కట్టుకుని ప్రసాదం కవరుతో వస్తున్న మనిషిని ఆపి, "మీరు సిటిజనేనాండీ?" అని అడగడం ఎంత మోటుగా ఉంటుందో అడిగితేగానీ తెలియలేదు. ఒకాయన, "పద్నాలుగేళ్లుగా లైన్లో ఉన్నామమ్మా, నువ్వూ అదే అడుగు" అన్నాడు, నవ్వుతూనే. ఆ తర్వాత నుంచి, "మొన్న నవంబరులో ఓటేశారా?" అని అడగడం మొదలుపెట్టాను. సంగతి అదే, గుచ్చుకోవడం తక్కువ.

ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగంకెలు రాసే గడి ఒకటి ఉంటుంది. ఇష్టమైతేనే రాయొచ్చు. కానీ ఆ గడి చూడగానే పెన్ను కింద పెట్టేసినవాళ్లు ఇద్దరు. ఒక మామ్మగారు మాత్రం గడులన్నీ శ్రద్ధగా నింపి సంతకం తెలుగులో పెట్టారు. పేరు పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, ఓటర్ల జాబితాలోనూ ఉంది.

ఆరోజు సాయంత్రానికి 38 సంతకాలు. రాత్రి ఇంటికొచ్చి సరిచూస్తుంటే మా ఆయన మొహం మాడిపోయింది. పిటిషన్ ఒకే కాగితానికి రెండు వైపులా ప్రింటై ఉండాలి. మా ఇంటి ప్రింటర్ రెండు విడి కాగితాల మీద కొట్టింది, మేము పిన్ను పెట్టాం. చెల్లదు. 38 పోయాయి. మామ్మగారి తెలుగు సంతకం కూడా అందులోనే పోయింది. నేను బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇంతకాలం జనానికి చట్టం చెప్పి బతికినదాన్ని, ఒక ఫారం సూచనలు పూర్తిగా చదవలేదు.

తర్వాత నేర్చుకున్నవి: సంతకాలు పెట్టించిన మనిషి తన కాగితంలో తను ఓటరుగా సంతకం పెడితే అది చెల్లదు. ఎవరు పెట్టించారో వాళ్లు నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం చెయ్యాలి, ఇంట్లో ముందే చేసి తీసుకెళితే నోటరీ ఒప్పుకోదు. 125 కావాలంటే 250 పెట్టించాలి. నేను సంక్రాంతి సంబరాలు, గ్రోసరీ స్టోర్ల ముందు, కోర్టులో ఎరిగున్న లాయర్ల ఇళ్లు అన్నీ తిరిగి ఫిబ్రవరి మూడో వారానికి 241 చేర్చాను. ఓటర్ల జాబితాతో సరిచూస్తే గట్టిగా నిలిచేవి 190 చిల్లర.

సంతకాలు తేలిక, డబ్బే అసలు పని. మాకు సలహా చెప్పిన కుర్రాడి వయసు ఇరవయ్యారు. అతని సూత్రం ఒకటే: ఫోన్ చెయ్యి, అంకె చెప్పు, నోరు మూసుకో. ఎంత ఇస్తారని అడగకూడదు. "మీరు 500 డాలర్లు ఇవ్వగలరా?" అని అడిగి, అవతలివాళ్లు మాట్లాడేదాకా ఆగాలి. ఆ నిశ్శబ్దం నాకు చేతకాలేదు. ఆగాల్సిన చోట, "ఇబ్బందైతే వద్దులెండి" అనేదాన్ని. అవతలివాళ్లు హాయిగా, "సరేనమ్మా" అనేవాళ్లు. మొదటి వారం రోజుకి మూడు గంటలు కూర్చుంటే వచ్చింది 650 డాలర్లు.

మా అమ్మ ఇదంతా వంటింట్లోంచి వింటూనే ఉంది. తెలుగు టీచరుగా రిటైరై, నాన్న పోయాక మా దగ్గరికి వచ్చేసింది. ఒకరోజు తన పెట్టె తీసి చదివింపుల పుస్తకం తెచ్చింది. మా గృహప్రవేశం, పిల్లల బారసాల, అన్నప్రాసన, ఎవరెంత చదివించారో, తిరిగి మనం ఎవరికెంత పెట్టామో అన్నీ తేదీలతో ఉన్నాయి. "వీళ్లకి మనం పెట్టాం, ఇంకా వాళ్లు పెట్టలేదు. మొదట వీళ్లకి చెయ్యి" అంది. ఆ కుర్రాడు అమ్ముతానన్న దాతల లిస్టు కంటే అది బాగా పనిచేసింది. అమ్మే పక్కన కూర్చునేది. నేను అంకె చెప్పగానే నా మోకాలు నొక్కేది, మాట్లాడకు అన్నట్టు.

ఇక్కడే ఒక తమాషా. వర్జీనియాలో ఒకరు ఎంతైనా ఇవ్వొచ్చు, పైపరిమితి లేదు. కానీ ఒక మనిషి ఇచ్చింది మొత్తం వంద డాలర్లు దాటితే పేరు, చిరునామా, వృత్తి, ఎక్కడ పనిచేస్తారో మేమిచ్చే విరాళాల రిపోర్టులో రాయాలి, అది అందరూ చూడొచ్చు. "నెట్‌లో మా పేరొస్తుందామ్మా?" అని అడిగినవాళ్లకి వంద దాటకుండా ఇవ్వమని చెప్పాను. సరేనన్నారు. చెక్కులు చూస్తే నూటపదహార్లు! శుభకార్యానికి వందెలా ఇస్తామంటారు. ఆ పదహారు డాలర్ల వల్ల 53 మందికి మళ్లీ ఫోన్ చేసి, మీరేం చేస్తారు, ఏ కంపెనీ అని కనుక్కోవాల్సి వచ్చింది. మా ప్రచారం లెక్కలు చూసే ట్రెజరర్ తెలుగాయన కాదు. ఈ 116 ఏంటని రెండుసార్లు అడిగాడు, మూడోసారి అడగలేదు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. ఇష్టంగా ఇవ్వబోయిన కుర్రాళ్ల చెక్కులు నాలుగు వెనక్కి ఇచ్చాను. వాళ్లు చిన్నబుచ్చుకున్నారు. బదులుగా వారాంతాల్లో వచ్చి తలుపులు తట్టారు.

ఇక వెయ్యి డాలర్ల సంగతి. మార్చి మొదట్లో, పేరెందుకులెండి, మనవాళ్లలో పలుకుబడి ఉన్న ఒకాయన నేనడగకుండానే వెయ్యి ఇచ్చారు. వాళ్లింట్లో ఏప్రిల్‌లో మీటింగు పెట్టి అరవై కుటుంబాలను పిలుస్తామన్నారు. రెండు వారాల తర్వాత రాత్రి పదింటికి ఫోన్. వాళ్లబ్బాయి గంటకి 65 మైళ్లు దాటకూడని రోడ్డులో 88లో వెళుతూ దొరికాడు. వర్జీనియాలో 85 దాటితే అది టికెట్టు కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్, నేరం. ఏడాది దాకా జైలుకి అవకాశమున్న మిస్‌డిమీనర్. పిల్లాడు కాలేజీకి అప్లై చేస్తున్నాడు. ఆయన బెదిరించలేదు, గుర్తుచెయ్యలేదు. "నువ్వు పనిచేసిన ఆఫీసే కదమ్మా, ఎవరితోనైనా ఒక మాట..." అంతే. గొంతులో వణుకు ఉంది. తండ్రి కదా.

మంచి లాయరు పేర్లు మూడు చెప్పాను. మాట మాత్రం చెప్పలేనన్నాను. "సరేలేమ్మా, ఏమీ అనుకోకు" అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారి లేచి వెయ్యికి చెక్కు రాసి పోస్టులో పంపేశాను. మీటింగు జరగలేదు. ఆయనతో పాటు ఒక పెద్ద వాట్సాప్ గ్రూపు మొత్తం చల్లబడింది. డబ్బు వెనక్కి పంపాల్సింది కాదని మా సలహాదారు కుర్రాడు అంటాడు, చట్టప్రకారం అక్కర్లేదు కూడా. బాబాయికి ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. "మిగతావాళ్లు అడగలేదు కాబట్టి ఉంచుకున్నావు, అంతేగా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

మార్చి 20, సోమవారం, ఉగాదికి రెండు రోజుల ముందు నామినేషన్లు మొదలు. మధ్యాహ్నం పన్నెండింటి నుంచి తీసుకుంటారు. బ్యాలెట్ మీద ఎవరి పేరు పైన అనేది ఎవరు ముందు ఇచ్చారనే దాన్నిబట్టి, మొదటి రోజు సరిగ్గా పన్నెండింటికే అందరూ ఇస్తే లాటరీ. కాగితాలు ఇచ్చేది ఏ ప్రభుత్వ ఆఫీసులోనో కాదు, కౌంటీ పార్టీ అధ్యక్షుడికి. ఫీజు మాత్రం కౌంటీ ట్రెజరర్ దగ్గర ముందే కట్టి రసీదు జతచెయ్యాలి. ఆ పదవి ఏడాది కనీస జీతంలో రెండు శాతం, నాకు మూడు వేల పైచిలుకు పడింది. ఏటా కారు టాక్సు కట్టే కిటికీ అదే. లోపలున్న అమ్మాయి అలవాటుగా, "ఏ వాహనానికి?" అని అడిగింది.

పన్నెండింటికి మా బాస్ కూడా వచ్చారు. ఇద్దరం గోడకి ఆనుకుని నిలబడ్డాం. "పిల్లలు ఎలా ఉన్నారు?" అన్నారు. బాగున్నారన్నాను. లాటరీలో ఆయన పేరు పైన వచ్చింది.

ప్రచారం గురించి ఎక్కువ రాయను, అన్నిచోట్లా ఉండేదే. మే 5న ముందస్తు ఓటింగ్ మొదలైంది, 45 రోజులు. అంటే ఎన్నిక ఒకరోజు కాదు, నెలన్నర. మొత్తం వచ్చింది 47 వేల డాలర్లు, అందులో 12 వేలు మావే. పదిహేను వేల ఇళ్లకి ఒక్క కార్డు పంపితే ఎనిమిది వేల మూడొందలు అయింది. పెరట్లో గుచ్చే బోర్డులు, వాటి ఇనపకమ్మీలతో కలిపి ఐదొందలకి 2,600. తలుపు తీసినవాళ్లలో సగం మందికి ఇలాంటి పదవికి ఎన్నిక ఉంటుందనే తెలియదు. ఆ వరండా కథ ప్రతి ఇంటి ముందూ చెప్పాను, ఆవిడ ఎవరో తెలియకుండా మార్చి. నలభయ్యో ఇంటికి వచ్చేసరికి నా నోటికి అది అరిగిపోయిన రికార్డులా తోచేది. ఆవిడ బాధను నేను ఓట్లకి వాడుకుంటున్నానా అని ఒకటి రెండుసార్లు గేటు దగ్గరే ఆగిపోయాను. ఆగి, మళ్లీ బెల్లు కొట్టాను.

జూన్ 20 రాత్రి తొమ్మిదిన్నరకే తేలిపోయింది. 1,800 చిల్లర ఓట్ల తేడా. బాస్‌కి ఫోన్ చేసి అభినందించాను. మర్నాటి నుంచి చుట్టాలంతా, "ఇండిపెండెంట్‌గా వేసెయ్" అన్నారు. మన దగ్గర టికెట్టు రాకపోతే రెబల్‌గా నిలబడటం మామూలే కదా. ఇక్కడ కుదరదు. ప్రైమరీలో ఓడినవాళ్ల పేరు నవంబరు బ్యాలెట్ మీద వెయ్యరు.

ఎన్నిక అయిపోయినా రిపోర్టులు ఆగవు. జులైలో ఒకటి ఇచ్చాను. ఖాతాలో ఉన్న 212 డాలర్లు ఖర్చుపెట్టేసి ఆఖరి రిపోర్టు ఇచ్చేదాకా నా ప్రచార కమిటీ బతికే ఉంటుంది. ఇప్పుడు అదే కోర్టులో డిఫెన్స్ లాయరుగా కేసులు చూస్తున్నాను. మొదటిరోజు వెళ్లినప్పుడు సెక్యూరిటీ అబ్బాయి నా బ్యాగు స్కానర్‌లో పెట్టమని చెప్పడానికి మొహమాటపడ్డాడు. వరండాలో మిస్‌డిమీనర్ కేసుల ఆడవాళ్లు ఒక్కళ్లే కూర్చుని ఇప్పటికీ కనిపిస్తారు. ఒక్కోసారి భర్త తరఫు లాయరుని నేనే. అది వచ్చినప్పుడు కేసు తీసుకోవాలా వద్దా అని ఇంకా ప్రతిసారీ కొట్టుకుంటున్నాను.

మిగిలిన బోర్డులు గరాజ్‌లో ఉన్నాయి. రీసైక్లింగ్‌లో వేద్దామని మొన్న శనివారం వెళ్లి చూస్తే కట్టలో సగం కమ్మీలు లేవు. పెరట్లో అమ్మ వాటిని వరసగా గుచ్చి, పురికొస కట్టి, బీరపాదు ఎక్కించింది. బోర్డులు కలుపు రాకుండా పాదు మొదట్లో బోర్లా పరిచింది.

"సొరపాదుకి ఇంకో పది కావాలి. ఉన్నాయా, అందరికీ పంచేశావా?" అంది.